పోతే ఇద్దరం పోదాం

ఇంత మంది ముందట మైకు పట్టుకుని మాట్లాడుడు నాకు ఇదే మొదటిసారి. తడబడితే నవ్వుండ్రి, ఏం కాదు. (నవ్వులు)

"మీదే ఊరు?" అని ఎవరన్న అడిగితే నేను కొంచెం ఆగాలె. పుట్టింది కోరుట్ల పక్కన పల్లె. అత్తగారిల్లు సిరిసిల్ల. రేషన్ కార్డు సిరిసిల్లది, బ్యాంకు ఖాతా కోరుట్లది, ఎండాకాలం మొత్తం ఉండేది జగిత్యాల మామిడి తోటలల్ల. దీపావళి అయినంక రెండు నెలలు భివండిల ఉంటం. నాలుగేండ్ల నుంచి నేను, మా ఆయన, మా బిడ్డ ఇట్లనే తిరుగుతున్నం. ఒక పాత బైకు, రెండు సంచులు, ఒక తాటిపత్రి, ఒక చిన్న గ్యాస్ స్టౌ. పని ఎక్కడ ఉంటే అక్కడ. పని లేని రోజు గుట్ట ఎక్కుతం.

మా వీడియోల కింద పిల్లలు "అక్కా, మీది వ్యాన్ లైఫ్" అని రాస్తరు. వ్యాన్ ఎక్కడిదిరా నాయనా, బైకు పెట్రోలుకే సరిపోతలేదు. ఒక తమ్ముడైతే "నోమాడ్‌ల్యాండ్" సినిమా చూడు అక్కా, అచ్చం మీ కథే అన్నడు. 2021ల ఆస్కార్ వచ్చిన సినిమా అది. ఫోన్‌ల చూసిన. అమెరికాల ఒకామె, భర్త పోయినంక, ఊర్ల ఫ్యాక్టరీ మూతపడ్డంక, వ్యాన్‌లనే ఉండుకుంట అమెజాన్ గోదాముల కొన్నాళ్లు, దుంప పంట కోతలకు కొన్నాళ్లు పోతది. మంచిగుంది. కానీ ఆమె ఒక్కతే ఉంటది. మా కథ మొదలైందే ఒక్కరే ఉండలేక.

అది చెప్త.

మా పెండ్లి 2016 ఫిబ్రవరిల అయింది. మే నెలల మా ఆయన మస్కట్ పోయిండు. మూడు నెలల కాపురం. మా దిక్కు ఇది వింత ముచ్చట కాదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల... ఏ వాడకు పోయినా దుబాయి, మస్కట్, సౌదీ, బహ్రెయిన్ పోయిన మనిషి లేని ఇల్లు తక్కువ. మా అమ్మ చాటల బీడీలు చేసుకుంట అనేది, "నీ మొగడు మంచోడే, కనపడడు అంతే" అని.

ఏజెంటుకు 80 వేలు కట్టినం. నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలు. అక్కడ జీతం 110 రియాళ్లు. అప్పుడు రియాలంటే మన 180 రూపాయల దాక ఉండె. తిండి, ఫోన్ పోను 14 వేలు పంపేటోడు. మొదటి ఎనిమిది నెలలు అప్పుకే పోయినయి. అంటే మనిషి అక్కడ పని చేస్తున్నడు, కానీ పోయినందుకే పని చేస్తున్నడు.

2018 అక్టోబర్‌ల 45 రోజుల సెలవు మీద వచ్చిండు. అంతకు నెల ముందే, సెప్టెంబర్ 11న, కొండగట్టు ఘాట్ రోడ్డు మీద బస్సు లోయల పడి 60 మందికి పైగా పానాలు పోయినయి. మా జిల్లల ఆ దినం మరిచిపోయినోళ్లు లేరు. మా ఆయనకు మొక్కు ఉన్నది, అంజన్న కాడికి పోవాలె. మా అత్తమ్మ ఏమన్నదంటే, "పోండ్రి, కానీ ఘాటు మీద బండి ఎక్కద్దు. మెట్ల దారిన నడిచి పోండ్రి." సరే అని నడిచినం. మెట్ల మీద కూసుంట, లేసుకుంట, కోతులకు కొబ్బరి ముక్కలు ఏసుకుంట.

పెండ్లయిన రెండున్నరేండ్లకు, ఆ మెట్ల మీద మేం మొదటిసారి గంటల తరబడి మాట్లాడుకున్నం. ఫోన్‌ల మాట్లాడేటప్పుడు "తిన్నవా, పైసలు వచ్చినయా, అమ్మ మంచిగున్నదా" ఇవే ఉంటయి. నడుస్తుంటే వేరే మాటలు వస్తయి. ఆయనకు చీకటంటే భయమని నాకు అప్పుడే తెలిసింది. రూంల ఎనిమిది మంది ఉంటరు కాబట్టి మస్కట్‌ల మంచిగ నిద్ర పడుతదట. మా ట్రెక్కింగ్ అంటే అదే మొదలు. మన దిక్కు ట్రెక్కింగ్ కొత్తది కూడ కాదు. హనుమాన్ జయంతికి మాల వేసుకుని ఊర్లకు ఊర్లు కొండగట్టుకు నడిచి పోతయి. దానికి ఎవరూ షూస్ కొనుక్కోలేదు.

మళ్ల పోయిండు. కరోనా వచ్చింది. పని ఆగింది, జీతం ఆగింది. 2020 నవంబర్‌ల ఇంటికి చేరిండు. 2021 ఆగస్టుల బిడ్డ పుట్టింది. బిడ్డకు నెల నిండకముందే ఏజెంటు ఇంటికొచ్చిండు. ఈసారి వేరే దేశం, జీతం కొంచెం ఎక్కువ, ఖర్చు లక్షా పదివేలు. మా ఆయన పాస్‌పోర్ట్ చేతుల పెట్టుకుని కూసున్నడు. ఏమంటలేడు. నేను బిడ్డకు పాలిస్తున్న. అప్పుడన్న నోటికొచ్చింది, ముందు అనుకున్న మాట కాదు: "బావా, పోతే ఇద్దరం పోదాం. లేకుంటే ఎవ్వరం పోవద్దు."

ఆయన నవ్విండు. "ఇద్దరికి వీసా ఎవడిస్తడే?" అన్నడు.

"వీసా అక్కరలేని కాడికి పోదాం" అన్న.

ఇది ఏదో పెద్ద ధైర్యం చేసినట్టు చప్పట్లు కొట్టకుండ్రి. ఇంట్ల మస్తు లొల్లి అయింది. మా అత్తమ్మ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. "కడుపుల చల్ల కదలకుండ ఇంట్ల కూసుని తినే రాత నీకు లేదా?" అన్నది మా అమ్మ. ఇంట్ల కూసుని ఎప్పుడు తిన్ననమ్మా, బీడీలు చుట్టుకుంటనే కద తిన్న!

2022 జనవరిల పసుపుతో మొదలుపెట్టినం. మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు పసుపు పెద్ద పంట. తొమ్మిది నెలల పంట, జనవరి నుంచి మార్చి దాక తవ్వుడు ఉంటది. ముందు ఆకు కోస్తరు, కొన్ని రోజులు ఆగి తవ్వుతరు. ఆడోళ్లం వెనుక కూసుని మట్టి దులిపి, కొమ్ములు ఇరిచి, గోళ వేరే, కొమ్ము వేరే కుప్పలు పెడుతం. తర్వాత ఉడకబెట్టాలె, కళ్లంల రెండు వారాలు ఎండబెట్టాలె, డ్రమ్ముల వేసి పాలిష్ పట్టాలె. ఆ మధ్యల ఒక్క వాన పడ్డదనుకో, రంగు పోతది, రైతు ముఖం కూడ పోతది. మా ఆయన ఉడకబెట్టే కాడ, నేను ఇరిచే కాడ. బిడ్డ చెట్టుకు కట్టిన చీర ఊయలల. నా చేతులు మూడు నెలలు పచ్చగనే ఉండె. "పెండ్లిల కూడ ఇంత పసుపు పూయలేదు నాకు" అంటే పక్కనున్న పెద్దమ్మ పడి పడి నవ్వింది.

పోయిన ఏడు 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్‌ల పసుపు బోర్డు మొదలైంది. రైతులు ఎన్నో ఏండ్లు కొట్లాడి తెచ్చుకున్నరు. మంచి ధర వస్తే మాకు కూలి కూడ గట్టిగ అడిగే ధైర్యం వస్తది. అందుకే నేను కూడ ఫోన్‌ల పసుపు రేటు చూస్త. కూలోళ్లకు రేటుతోని ఏం పని అనుకుంటరు గానీ, చూసి అడిగినోనికీ, చూడకుండ అడిగినోనికీ ఇరవై ముప్పై రూపాయల తేడా ఉంటది.

ఏప్రిల్ నుంచి మామిడి. జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్ మీరు చూసే ఉంటరు. ఢిల్లీ దిక్కు, నాగ్‌పూర్ దిక్కు లారీలు నిండుతయి. మా ఆయన చిక్కెంతోని కాయ దించుతడు. నేను సైజు చూసి, మచ్చ చూసి, పేపర్ వేసి ట్రేలల్ల సర్దుత. చూస్తే సుకం పనే అనిపిస్తది. కానీ తొడిమ తెంపంగనే సొన చిమ్ముతది. అది చర్మం మీద పడితే కాలినట్టయితది. నా మోచేయి మీద మచ్చలు చూసిండ్రా? అవి మామిడియి. గాలిదుమారం వచ్చిన మర్నాడు తోటంత కాయలు రాలి ఉంటయి. ఆ రోజు కూలి ఎక్కువ దొరుకుతది, కానీ తీసుకుంటుంటే మనసున పట్టదు. మొదటి ఏడాది ఒక వ్యాపారి తొమ్మిది రోజుల కూలి ఇయ్యకుండనే రాత్రికి రాత్రి లారీ ఎక్కి పోయిండు. అప్పటి నుంచి మూడు రోజులకోసారి లెక్క తేలుస్తం.

వానాకాలం నాట్లు. అది పెద్దగ చెప్పేది లేదు, నడుము నొప్పి తప్ప. ఇప్పుడు బెంగాల్, బీహార్ నుంచి మొగోళ్ల గుంపులు వచ్చి ఎకరాలకెకరాలు గుత్తకు నాటుతున్నరు. మాకు ఆ పని ఏడేడూ తగ్గుతున్నది.

ఆ తర్వాత సిరిసిల్ల. మా ఆయనకు చిన్నప్పటి నుంచి సాంచాల పని వచ్చు. ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకుంటడు. నేను కండెలు చుడుత. 2017ల సర్కారు బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్లకు ఇచ్చినంక, వానాకాలం నెలలల్ల ఊరంతా సాంచాల సప్పుడే. రాత్రి ఆ సప్పుడు లేకుంటే మా అత్తమ్మకు నిద్ర పట్టదు. తర్వాత ఆర్డర్లు ఒక తీరు లేవు. ఒక ఏడు ఉంటయి, ఒక ఏడు ఆలస్యమైతయి. పాతకాలం పేపర్లల్ల సిరిసిల్లను "ఉరిసిల్ల" అని రాసేటోళ్లని మీకు తెలుసు కద. మా ఆయన దోస్తు వాళ్ల నాయిన కూడ అట్లనే పోయిండు. అందుకే ఎవరన్న నాతోని "ఒక్క కాడ ఉంటేనే బతుకు స్థిరం" అంటే నేను ఊ కొట్టను. ఒక్క కాడ ఉన్నోళ్ల బతుకు కూడ చూసిన.

ఇగ దీపావళి అయినంక భివండి. ఇది అందరికీ ఇష్టమైన ముచ్చట, కామెంట్లల్ల ఎక్కువ అడిగేది కూడ ఇదే.

భివండిల పద్మానగర్ అని ఉన్నది. అక్కడికి పోతే మహారాష్ట్రకు పోయినట్టు ఉండదు. తెలుగు బోర్డులు, తెలుగు మాటలు, దసరాకు బతుకమ్మ. మన సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు పద్మశాలీలు తాతల కాలం నుంచి అక్కడ మగ్గాల మీద బతుకుతున్నరు. మా మేనమామ అక్కడనే ఉంటడు. 2022ల బస్సుల పోయినం. 2023 నుంచి బైకు మీద. సిరిసిల్ల నుంచి నిజామాబాద్, నాందేడ్, పర్భణి, జాల్నా, ఔరంగాబాద్, నాసిక్, కసారా ఘాట్. ఏడు వందల కిలోమీటర్ల పైనే. మేం నాలుగు రోజులు తీసుకుంటం. రాత్రి బండి నడపం. బిడ్డను మధ్యల కూసోబెట్టి చున్నీతోని నాకు కట్టుకుంట. తిట్టేటోళ్లు తిట్టుండ్రి. నాక్కూడ కొన్నిసార్లు తప్పే అనిపిస్తది. పోయిన ఏడు నుంచి బిడ్డ, నేను నాసిక్ దాక బస్సుల పోతున్నం, ఆయన సామానుతోని బండి మీద వస్తడు.

నాసిక్ దాటినంక ఘోటి కాడ పక్కకు తిరిగితే బారి అని ఊరొస్తది. అక్కడి నుంచి కల్సుబాయి శిఖరం ఎక్కాలె. 1,646 మీటర్లు, మహారాష్ట్రల అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. 2023ల పోయినప్పుడు బిడ్డకు రెండేండ్లు. మా ఆయన భుజాల మీద. కష్టమైన కాడ ఇనుప నిచ్చెనలు పెట్టిండ్రు. రెండు నిచ్చెనలు ఎట్లనో ఎక్కినం. చివరి నిచ్చెన కాడ నేను కిందికి చూసిన. కాళ్లు వణికినయి. "బిడ్డతోని వద్దు బావా" అన్న. ఆయన "సరే, నువ్వు పోయి రా, మేం ఇక్కడ ఉంటం" అన్నడు.

నేను ఒక్కదాన్నే ఎక్కిన. పైన చిన్న గుడి ఉంటది. చుట్టూ ఎటు చూసినా కొండలే, కింద నీళ్లు మెరుస్తున్నయి. ఒక్క పది నిమిషాలు ఉన్న. కోరుట్ల బస్టాండ్ దాటి ఒంటరిగ పోయినదాన్ని కాదు నేను. ఏమనిపించిందని అడుగుతరు అందరు. నిజం చెప్తున్న, కిందున్న ఇద్దరు కనపడుతరా అని వంగి వంగి చూసిన. కనపడలేదు. భయమేసి జల్ది దిగిన. తర్వాత ఆయన పోయిండు, నేను బిడ్డతోని కింద కూసున్న. ఆయన అరగంట దాక రాలేదు. వచ్చినంక ఏమన్నడో తెలుసా? "మస్కట్‌ల ఉన్నప్పుడు నువ్వు ఇట్లనే కూసునేటిదానివి కద" అన్నడు. నేను జవాబియ్యలేదు. కింద బారిల నిమ్మకాయ సోడా తాగినం, బండి ఎక్కినం.

ఆ ప్రయాణంలనే ఇంకొకటి చూసిన. ఈ మాట చెప్పడానికే నేను ఇక్కడికి వచ్చిన అనుకోండ్రి.

జాల్నా ఇవతల ఒక పెట్రోల్ బంకు కాడ రాత్రి ఆగినం. పక్కనే ట్రాక్టర్, దానికి రెండు ట్రాలీలు. ట్రాలీలల్ల గిన్నెలు, పరుపులు, కోళ్లు, ఒక మేక, పిల్లలు, ముసలోళ్లు. చెరకు కోతకు పోయేటోళ్లు. మరాఠ్వాడా నుంచి ప్రతి ఏడు ఈ కాలంల లక్షల మంది పోతరు, ఎండాకాలం మొదట్ల వస్తరు. నా వయసు ఆమె పొయ్యి పెట్టింది, మా బిడ్డకు పాలు కాచుకుంట అని అడిగితే జరిగి చోటిచ్చింది. హిందీల మాట్లాడుకున్నం. వాళ్ల దిక్కు మొగడు పెండ్లాం ఇద్దరిని కలిపి ఒక్క "కోయతా" అంటరట. కోయతా అంటే కొడవలి. ఇద్దరు మనుషులు, లెక్కల ఒక్క కొడవలి. ముందే అడ్వాన్స్ ఇస్తరు, అది తీరేదాక కొయ్యాలె. ఇద్దరిల ఎవరన్న ఒక రోజు మానేస్తే జుర్మానా, దాన్ని "ఖాడా" అంటరు. జ్వరమొచ్చినా ఖాడానే, నెలసరి అయినా ఖాడానే. బీడ్ జిల్లల ఇట్ల పోయే ఆడోళ్లు మస్తు మంది గర్భసంచులే తీయించుకున్నరని 2019ల పేపర్లల్ల వచ్చింది, మీరు వెతికితే దొరుకుతది.

నేను ఆమెను చూస్తున్న, ఆమె నన్ను చూస్తున్నది. ఇద్దరం మొగనితోని, పిల్లలతోని రోడ్డు మీద ఉన్నం. ఇద్దరం సీజన్ పనులకు పోతున్నం. మాది వీడియో తీస్తే లైకులొస్తున్నయి. తేడా ఏంది? "ఎప్పుడు తిరిగి వస్తవు అక్కా?" అని అడిగిన. "అడ్వాన్స్ తీరినప్పుడు" అన్నది. అదీ తేడా. నేను నచ్చకపోతే రేపు పొద్దున బండి తిప్పుకుని రావచ్చు.

అంత దూరం పోనక్కరలేదు. మన పెద్దపల్లి, సుల్తానాబాద్ దిక్కు ఇటుక బట్టీలల్ల ఒడిశా నుంచి వచ్చినోళ్లు కూడ అంతే. మొగడు, పెండ్లాం, ఒక పిల్లగాడు కలిస్తే ఒక లెక్క, దానిమీద అడ్వాన్స్. మేం ఎన్నోసార్లు ఆ రోడ్డున పోయినం, ఇటుకలే చూసినం. గల్ఫ్ ఏంది మరి? అది కూడ అప్పుతోనే మొదలైతది కద.

ఆ రాత్రి మేం ఇద్దరం ఒక మాట అనుకున్నం. ఎవ్వరి కాడ అడ్వాన్స్ ముట్టద్దు.

అనుకున్నం గానీ తప్పినం. అది కూడ చెప్పాలె, లేకుంటే నేను చెప్పిందంతా డొల్ల అయితది. 2024ల అత్తమ్మకు ఆపరేషన్ అయింది. చేతుల ఉన్నయన్ని అయిపోయినయి. ఒక సాంచాల సేఠు 40 వేలు ఇచ్చిండు. "పని చేసుకుంట తీర్చుకో" అన్నడు, మంచిగనే అన్నడు. తర్వాత ఆర్డర్లు తగ్గినయి. పని లేదు, అప్పు ఉన్నది. పసుపు సీజన్ వచ్చింది, పోదామంటే "పైసలు కట్టి పో" అన్నడు. ఐదు నెలలు సగం కూలి మీద అక్కడనే ఉన్నం. మెట్‌పల్లిల తెలిసిన రైతు నాలుగుసార్లు ఫోన్ చేసిండు, తర్వాత చెయ్యలేదు. చివరికి నా కమ్మలు అమ్మి కట్టినం. మా ఆయన ఆ రోజు సాంచాల షెడ్డు నుంచి వచ్చి, ఏమీ మాట్లాడకుండ బండి చైన్‌కు ఆయిల్ పెట్టిండు.

పైసల లెక్క చెప్పుమని తమ్ముళ్లు అడుగుతరు. పోయిన ఏడు ఇద్దరం కలిసి 2 లక్షల 86 వేలు సంపాదించినం. తిండి, కిరాయి, పెట్రోలు, అత్తమ్మ మందులు, బండి రిపేర్లు పోను 62 వేలు మిగిలినయి. మా ఆయన గల్ఫ్‌ల ఉంటే ఇంతకన్నా ఎక్కువ మిగిలేటివి. దాచిపెట్టి చెప్పను. మీరు రీల్స్ చూసి ఉద్యోగం మానేసి రోడ్డెక్కుతమంటే నేను వద్దనే అంట. మాకు మానేయడానికి ఉద్యోగం లేకుండె, అందుకే సుకమైంది.

ఒక పనికొచ్చే ముచ్చట. మా రేషన్ భివండిలనే తీసుకుంటం. వన్ నేషన్ వన్ రేషన్ కార్డు అని 2019ల మొదలైంది. మొదట మన తెలంగాణ, ఆంధ్రల మధ్య, అటు మహారాష్ట్ర, గుజరాత్‌ల మధ్య పెట్టిండ్రు, ఇప్పుడు దేశమంతా ఉన్నది. ఆహార భద్రత కింద కేంద్రం లెక్కల ఉన్న కార్డయితే, ఆధార్ కలిపి ఉంటే, వేలిముద్ర పెట్టి మనిషికి 5 కిలోలు ఎక్కడన్న తీసుకోవచ్చు. నా వేళ్లు పసుపుకు, సొనకు అరిగి మొదట మిషన్ల పడలేదు. (నవ్వులు) బొటనవేలు కాకుండ వేరే వేలు పెట్టి చూడుమని డీలరు చెప్తే పడ్డది. మీ అమ్మలకు, నాయినలకు ఈ సంగతి చెప్పుండ్రి. మస్తు మందికి తెల్వక బయట బియ్యం కొంటున్నరు.

బియ్యం మాతోని వస్తున్నయి. బడి రాదు.

మా బిడ్డకు ఆగస్టుల ఐదేండ్లు నిండుతయి. ఈ జూన్‌ల బడిల వెయ్యాలె. ఇన్ని రోజులు అంగన్‌వాడీల, చెట్టు కింద, మామిడి షెడ్డుల గడిచింది. దానికి తెలుగు, మరాఠీ, హిందీ మూడూ వస్తయి, పసుపు గోళకు, కొమ్ముకు తేడా తెలుసు, కానీ పెన్సిల్ పట్టుకోవడం రాదు. మా అమ్మ అంటది, "నా దగ్గర ఇడిచిపెట్టి పోండ్రి, కోరుట్లల మంచి బడులున్నయి." బాగనే ఉన్నది మాట. కానీ మేం రోడ్డెక్కిందే ఎందుకు? ఒకరిని ఇడిచి ఒకరు ఉండద్దనే కద! ఇప్పుడు ఇద్దరం కలిసి పోయి బిడ్డను ఇడిచిపెడితే, అది ఫోన్‌ల "తిన్నవా అమ్మా" అంటది. ఆ మాట నేను నాలుగున్నరేండ్లు అన్న. నాకు తెలుసు అది ఎట్లుంటదో.

నేను బిడ్డను పట్టుకుని సిరిసిల్లల ఉంట, నువ్వు భివండి పోయి రా అన్న మా ఆయనతోని. రెండు నెలలే కద అన్న. ఆయన ఏమన్నడంటే, "మస్కట్ పోయినప్పుడు కూడ రెండేండ్లే కద అన్నరు." దాని మీద మా ఇద్దరికి మొన్న పెద్ద పంచాయితీ అయింది. మూడు రోజులు మాట్లాడుకోలేదు, ఒక్క బైకు మీదనే కూసుని మాట్లాడుకోలేదు. ఊహించుకోండ్రి.

ఇప్పటికి ఒక లెక్క వేసినం. జూన్ నుంచి ఏప్రిల్ దాక సిరిసిల్లల రూం తీసుకుందాం. ఆయన సాంచాల మీద, నేను కండెలు, బీడీలు. పసుపుకు దూరం పోకుండ, ఆదివారాలు, సెలవు రోజులల్ల మాత్రం మెట్‌పల్లి దిక్కు. మామిడికి ఎక్కువ రోజులు బడి సెలవులే, పెద్ద ఇబ్బంది లేదు. భివండి బంద్. అంటే ఏడాదికి 50, 60 వేలు తగ్గుతయి. సర్కారు చీరల ఆర్డర్ రాకుంటే ఇంకా తగ్గుతయి. అప్పుడు మళ్ల ఎవరన్న సేఠు 40 వేలు చేతుల పెడితే? ఏమో. ఆయనకు ఇది అస్సలు నచ్చలేదు. ఒప్పుకున్నడు, నచ్చలేదు. నాకు కూడ, నిజం చెప్పాల్నంటే, నవంబర్ వస్తే ఎట్లుంటనో తెల్వదు. ఆ గాలికి బండి మీద పోవుడు అలవాటయింది.

కురుమోళ్లు గొర్ల మందను తోలుకుని నెలలకు నెలలు పోతరు కద, కోసిన చేన్లల్ల మంద పెట్టుకుంట. మా ఊరి కురుమ తాతను అడిగిన, "తాతా, మీ పిల్లలను ఎట్ల చదివిచ్చిండ్రు?" అని. "పెద్దోన్ని చదివియ్యలే, చిన్నోన్ని చదివిచ్చిన. పెద్దోడు నాతోని ఉన్నడు, చిన్నోడు దుబాయిల ఉన్నడు" అన్నడు. దీంట్ల ఏది మంచిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

వచ్చే సోమవారం నుంచి మెట్‌పల్లి దిక్కు పసుపు తవ్వుడు మొదలు. నాలుగుసార్లు ఫోన్ చేసి మానేసిన రైతు కాడికే పోయి అడిగినం, ఈసారి రమ్మన్నడు. బండి వెనుక టైరు అరిగింది, అది మార్చాలె. ఇంకొకటి, సిరిసిల్లల సర్కారు బడికి నడిచే దూరంల చిన్న రూం ఎక్కడన్న ఉంటే చెప్పుండ్రి. కిరాయి రెండున్నర వేలు దాటద్దు, అడ్వాన్స్ అడగద్దు. (నవ్వులు)